రెండు గుప్పెళ్ళ ఉప్పు

బేకరీ మేడ మీద నుంచి,
వేసవి ఆఖరి వారం

ఓ పిట్టా,

కవరు మీద నా చేతిరాత చూడగానే "పని పడితేగానీ మా వదిన కలం పట్టదు" అనుకుని ఉంటావు. అనుకో. పని పడే పట్టాను.

కింద రెండో వాయి రొట్టెలు చల్లారుతున్నాయి. మీ అన్నయ్య వెనక గదిలో పిండి బస్తాలు దింపిస్తున్నాడు. ఆయన పైకొచ్చేలోగా ఇది రాసి కవరు అంటించేయాలి. ఆయనకి తెలియకుండా ఎందుకని అడక్కు. నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ముందు ఇంటి కబుర్లు. మా పెద్దది నీ ఎత్తు వచ్చేసింది. నోరు అంతకుముందే వచ్చింది, అదీ నీదే. చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, "అత్త" అనమంటే ఈల వేసినట్టు వినిపిస్తోంది. నిన్ను చూసి మూడేళ్ళు కావస్తోంది కదా, అత్తంటే ఫొటోలో ఉండే మనిషి అనుకుంటోంది.

ఇక పని. మన విందుకి ఇంకా తొమ్మిది వారాలుంది. చెట్ల ఆకులు సగం రాలాక వచ్చే ఆదివారం, పొడుగు బల్ల, పద్నాలుగు మంది, మూడు గుమ్మడికాయలు, అన్నీ మామూలే. ఆ గుమ్మడికాయల్లో కూరే అన్నం అత్తయ్య ఎలా చేసేదో నాకు రాసి పంపు. మీ అమ్మ ఏదీ కాగితం మీద పెట్టే మనిషి కాదు. నన్ను కూరలు తరగనిచ్చేదిగానీ గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. నేర్పితే నీకే నేర్పింది. ఆవిడ పోయాక మేం అటూ ఇటూ చేసి ఎలాగో లాక్కొస్తున్నాం.

అన్నట్టు, మొదటి గరిటె ఇప్పుడు ఎవరికి పడుతోందో తెలుసా? అందరికంటే దూరం నుంచి వచ్చినవాళ్ళకే మొదటి గరిటె వడ్డించాలని మీ ఇంటి పద్ధతి కదా. నువ్వు రాకపోయేసరికి అందరిలోకీ దూరం మనిషి పక్క వీధిలో ఉండే మీ గడియారాల మామయ్య అయ్యాడు. ఆయన సముద్రాలు దాటి వచ్చినట్టు బూట్ల దుమ్ము దులుపుకుని, "ప్రయాణం బాగా జరిగింది" అని అందరికీ చెప్పి మరీ కూర్చుంటాడు. నాలుగు వందల అడుగులు కూడా ఉండదు ఆయన ప్రయాణం. అందరం నవ్వుతాం. మీ అన్నయ్య మాత్రం గరిటె ఆయన పళ్ళెంలో వేసి, తలుపు వైపు ఒకసారి చూస్తాడు.

ఆ రోజు బల్ల దగ్గర జరిగినదాని గురించి నేను ఎత్తను. నువ్వూ ఎత్తకు. కొలతలు పంపు చాలు. వీలైతే కొలతలతో పాటు నువ్వూ రా.

నీ వదిన


ఓడరేవు వీధి, మూడో అంతస్తు నుంచి

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. పిల్లలు క్షేమమని తెలిసి సంతోషం. నేను బాగానే ఉన్నాను. కుట్టు షెడ్డులో పని ఎక్కువగా ఉంది. గాలులు మొదలయ్యే ముందు పడవలవాళ్ళందరికీ ఒకేసారి టార్పాలిన్లు చిరిగాయని గుర్తొస్తుంది.

మీరు అడిగినది. మూడు గుమ్మడికాయలకి పెద్ద గిన్నెడు అన్నం, ముప్పావు వంతు ఉడికినది. పది ఉల్లిపాయలు వెన్నలో ఎర్రగా వేగాలి, తొందరపడకూడదు. పుట్టగొడుగులు రెండు చేతుల నిండా, అక్రోట్లు ఒక దోసెడు, ఎండు ద్రాక్ష అందులో సగం. ఎండిన నారింజ తొక్క సన్నగా తురిమి ఒక చెంచా. మిరియాలు దంచి మూడు చెంచాలు. ఉప్పు రెండు గుప్పెళ్ళు. అన్నీ కలిపి కాయల్లో కూరి, పైన కోసిన మూతలు మళ్ళీ పెట్టి, సన్నని సెగ మీద మూడు గంటలు.

విందుకి రావడం కుదరదు. సెలవు లేదు.

నేను రాసినట్టు అన్నయ్యకి చెప్పనవసరం లేదు.

మీ ఆడపడుచు


బేకరీ మేడ మీద నుంచి,
విందుకి ఏడు వారాలు

మహారాణీ వారికి,

ఎప్పటినుంచమ్మా నేను నీకు "మీరు" అయ్యాను? నేను పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన మర్నాడే నా కొత్త చెప్పులు వేసుకుని ఊరంతా తిరిగి, పట్టీ తెంపి తెచ్చి, "వదినా, నీ కాళ్ళు పెద్దవి, అందుకే తెగాయి" అన్న మనిషివి నువ్వు. ఇంకోసారి నన్ను "గారు" అన్నావంటే ఉత్తరం తిప్పి పంపిస్తాను.

నీ ఉత్తరం భద్రంగానే అందింది. పోస్టాఫీసులో ఉండే ఆవిడతో చెప్పాను, నీ దగ్గర నుంచి ఏది వచ్చినా ఇంటికి పంపకుండా నా చేతికే ఇమ్మని. ఆవిడ ఏమనుకుందో ఏమో, నావైపు జాలిగా చూసి తల ఊపింది. ఈ వయసులో నాకెవరో ప్రేమలేఖలు రాస్తున్నారని ఊళ్ళో పుకారు పుడితే దానికి బాధ్యత నీదే.

సరే, విను. ఆదివారం మీ అన్నయ్య పిల్లల్ని తీసుకుని మామయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక చిన్న గుమ్మడికాయతో నీ కొలతలు పరీక్షించాను. అన్నీ మూడో వంతు చేసుకున్నాను. ఉల్లిపాయలు వేగుతుంటే ఒక్కసారి ఇల్లంతా అత్తయ్య వచ్చినట్టైంది. పొయ్యి దగ్గర నుంచి కదల్లేకపోయాను, నిజం. ఉడికాక కాయ మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

అమ్మా తల్లీ! ఉప్పు! నాలుక పొక్కిపోయింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, కాయ మొత్తం చెత్తబుట్టలో వేసి, వాళ్ళు వచ్చేలోగా గిన్నెలు కూడా కడిగేశాను. ఉప్పు మూడు కాయలకి రెండు గుప్పెళ్ళన్నావు, ఒక కాయకి గుప్పెడు కంటే తక్కువే వేశాను. చెయ్యి నాదే, మరీ పెద్దదేం కాదు. అత్తయ్య వేసిన ఉప్పు ఎవరి గుప్పెటతో కొలిచిందే? సరిగ్గా గుర్తు తెచ్చుకుని రాయి.

సెలవు సంగతి కూడా సరిగ్గా గుర్తు తెచ్చుకుని రాయి.

వదిన (గారు కాదు)


ఓడరేవు వీధి, మూడో అంతస్తు నుంచి

వదినా,

నీ ఉత్తరం మధ్యాహ్నం షెడ్డులో చదివాను. ఎవరి గుప్పెట అని అడిగిన చోట ఆగిపోయాను. ఇప్పటిదాకా నేను ఆలోచించలేదు, నమ్ము. అమ్మ ఎలా అనేదో అలాగే రాసేశాను.

ఆ గుప్పెట నాది. ఆరేళ్ళప్పటిది.

చలిగాలి మొదలైందంటే అమ్మ వేళ్ళు పగిలేవి, నీకూ గుర్తుండే ఉంటుంది. ఉప్పు తగిలితే భగ్గున మండేవి. అందుకని విందుకి ముందు రోజు గిన్నె ముందు నిలబడి "పిట్టా, ఇటు రా, రెండు గుప్పెళ్ళు ఉప్పు వెయ్యి" అని కేకేసేది. నేను పీట ఎక్కి వేసేదాన్ని. అంత పెద్ద గిన్నెలో అంత ముఖ్యమైన పని నాదని ఎంత గర్వంగా ఉండేదో. అన్నయ్యకి అప్పటికి పదకొండేళ్ళు. గుమ్మడికాయల గింజలు తీస్తూ, "దానికెందుకు ఇస్తావు, నేను వేస్తా" అని ఏడిపించేవాడు. అమ్మ ఒప్పుకునేది కాదు.

తరువాత నా చెయ్యి పెరిగింది. అమ్మ మాట మాత్రం మారలేదు. "రెండు గుప్పెళ్ళు" అనేది, నేను తీసేటప్పుడు "అంత కాదు, సగం వదులు" అనేది. నేను ఈ ఊరు వచ్చాక కూడా ప్రతి ఏడూ ముందు రోజే వచ్చేదాన్ని కదా, ఉప్పు వేసేదాకా అమ్మ గిన్నె కదిపేది కాదు. ఇప్పుడు నా చేతిని చూసుకుంటే నవ్వొస్తోంది. టార్పాలిన్ కుట్టే సూది లావు నీకు తెలీదు, అరచేతికి తోలు పట్టీ కట్టుకుని నెట్టాలి. పన్నెండేళ్ళుగా నెట్టి నెట్టి నా చెయ్యి మగవాళ్ళ చెయ్యిలా అయిపోయింది. దీంతో రెండు గుప్పెళ్ళు వేస్తే ఊరంతటికీ సరిపోతుంది.

వదినా, ఎత్తవద్దన్నావు గానీ ఎత్తకుండా ఉండలేను. అమ్మ పోయిన ఏడు నేను ముందు రోజు రాలేదు. ఆవిడ లేని వంటింట్లోకి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. విందు రోజు మధ్యాహ్నం, అందరూ బల్ల దగ్గర కూర్చున్నాక వచ్చాను. అంటే ఆ రోజు ఉప్పు అన్నయ్య వేశాడు. చిన్నప్పటి నుంచీ చెవిన పడిన మాట ప్రకారం, రెండు గుప్పెళ్ళు, తన చేత్తో. రోజుకి రెండు వందల రొట్టెల పిండి పిసికే చెయ్యి అది.

నేనేమన్నానో గుర్తుందా? మొదటి గరిటె నోట్లో పెట్టుకుని, "మా రేవులో నీళ్ళెందుకు తగ్గాయో ఇప్పుడు తెలిసింది అన్నయ్యా, సముద్రం అంతా ఇక్కడికే తెచ్చుకున్నావు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వాడు అమ్మ చెప్పింది చెప్పినట్టు చేశాడు, నేను నలుగురిలో నవ్వుల పాలు చేశాను.

కానీ ఒక్కటి నాకు అర్థం కావడం లేదు. అన్నయ్య ప్రతి పిండి ముద్దా చిటికెడు గిల్లి నోట్లో వేసుకుని చూస్తేగానీ ఓవెన్లో పెట్టడు. పద్నాలుగు మందికి వడ్డించే అన్నం రుచి చూడకుండా బల్ల మీద పెట్టాడా? ఎందుకు చూడలేదు?

పిట్ట


బేకరీ మేడ మీద నుంచి,
విందుకి ఐదు వారాలు

పిట్టా,

నీ గుప్పెట సంగతి చదివి నవ్వాను, కాస్త ఏడ్చాను కూడా. ఉప్పు ఇక కొంచెం కొంచెం వేసి చూసుకుంటాలే, బెంగ పెట్టుకోకు.

ఇక్కడ వానలు. పిండి చెమ్మగిల్లి ముద్దలు కడుతోంది. పెద్దది బడిలో నాటకంలో తుపాను వేషం వేస్తోంది, ఇంట్లో రోజూ అభ్యాసమే. మామయ్య కొత్తగా కోకిల బయటికొచ్చే గడియారం ఒకటి బాగుచేశాడు, అది గంటకి ముందే అరుస్తోందట. ఆపిల్ పళ్ళు ఈ ఏడు బాగా కాశాయి, జామ్ ఇరవై సీసాలు పెట్టాను. నీకు రెండు పార్సిల్ పంపిస్తాను.

ఉంటాను, కింద బేరం వచ్చింది.

వదిన


ఓడరేవు వీధి, మూడో అంతస్తు నుంచి

వదినా,

కోకిల గురించి రాశావు, తుపాను గురించి రాశావు. అడిగినదానికి జవాబు రాయలేదు. నువ్వు నీళ్ళు నములుతున్నావంటే ఏదో ఉంది.

అన్నయ్య ఎందుకు రుచి చూడలేదు?

పిట్ట


బేకరీ మేడ మీద నుంచి,
విందుకి నాలుగు వారాలు

పిట్టా,

ఎవ్వరికీ చెప్పనని మీ అన్నయ్యకి మాటిచ్చాను. మూడేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇప్పుడు తప్పుతున్నాను, ఆ పాపం నాదే.

రుచి చూశాడమ్మా. చూశాడు. తెలియలేదు.

అత్తయ్య పోయిన ఏడు ఎండాకాలంలో ఆయనకి పది రోజులు జ్వరం వచ్చింది కదా, నువ్వు ఫోన్లో అడిగితే తగ్గిపోయిందన్నాను. జ్వరం తగ్గింది. దాంతో పాటు వాసనా పోయింది, రుచీ పోయింది. తీపీ లేదు, పులుపూ లేదు. నాకు కూడా చెప్పలేదు. అమ్మ పోయిన దిగులుతో అన్నం సయించడం లేదేమో అనుకున్నాను. రెండుసార్లు విరిగిన పాలు పిండిలో కలిపాడు. ఒకసారి ఓవెన్ పక్కనే నిలబడి ఉండగా ఒక వాయి మొత్తం మాడి బొగ్గైంది. నేను మేడ మీద నుంచి వాసన పట్టి పరిగెత్తుకొస్తే, ఆయన కంగారుగా నా మొహం చూశాడు తప్ప ఓవెన్ వైపు చూడలేదు. అప్పుడైనా నాకు వెలగలేదు.

విందు రోజు నువ్వు బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయాక అందరూ ఒక్కొక్కరే జారుకున్నారు. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆయన వంటింట్లోకి వచ్చి, "నిజంగానే అంత ఉప్పుగా ఉందా?" అని అడిగాడు. వెటకారం అనుకుని నేను విసుక్కున్నాను. ఆయన ఉప్పు డబ్బా తీసి, చారెడు ఉప్పు అరచేతిలో పోసుకుని, నా కళ్ళ ముందే నాకాడు. మొహంలో ఏమీ మారలేదు. మంచినీళ్ళు తాగినట్టు నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు.

నువ్వు ఆ మాట అనగానే నీకు సంగతి తెలిసిపోయిందనీ, నలుగురిలో ఆట పట్టిస్తున్నావనీ అనుకున్నాడట. అందుకే నోరు జారాడు. అది తప్పే, నేను వెనకేసుకురావడం లేదు. నీకు ఉత్తరం రాయమని నెలల తరబడి పోరాను. క్షమించమని రాయాలంటే కారణం రాయాలి, కారణం బయటపడితే ఈ బేకరీకి ఎవరొస్తారు అంటాడు. ముక్కు పనిచేయని రొట్టెలవాడి దగ్గర ఎవరు కొంటారే?

ఇప్పుడు నేనే ఆయన నాలుకని. ప్రతి వాయీ నేను చూస్తాను, వేళ్ళతో లెక్క చెప్తాను, ఒకటంటే ఉప్పు తక్కువ, రెండంటే సరిపోయింది. దుకాణంలో ఎవరికీ తెలీదు. డాక్టరు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మూడేళ్ళైంది. ఇప్పటికీ పొద్దున మొదటి రొట్టె బయటికి తీయగానే మొహానికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా ఊపిరి పీలుస్తాడు. నేను అటు చూడనట్టు నటిస్తాను.

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. నీకు తెలుసని ఆయనకి తెలియకూడదు.

వదిన


ఓడరేవు వీధి, మూడో అంతస్తు నుంచి

వదినా,

చింపలేదు. చింపబుద్ధి కాలేదు.

మూడు రోజులు ఏం కుట్టానో నాకే తెలీదు. మేస్త్రీ ఒక టార్పాలిన్ మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించాడు.

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. సెలవు లేదన్నది అబద్ధం. ప్రతి ఏడూ ఆ వారం నేను అడక్కుండానే మేస్త్రీ నాకు రెండు రోజులు సెలవు రాసి పెడతాడు. కిందటేడు విందుకి ముందు రోజు రైలెక్కాను. పిల్లలిద్దరికీ టోపీలు కూడా అల్లి తెచ్చాను. రైలు మారే జంక్షన్ దాకా వచ్చాను. మన ఊరి రైలు నా ముందే తలుపులు తెరుచుకుని పావుగంట నిలబడింది. బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. అది వెళ్ళిపోయాక క్యాంటీన్లో ఒక బన్ను తిని తిరుగు రైలెక్కాను. అంతకు ముందు ఏడూ అంతే. కిందటేడు క్యాంటీన్ ఆవిడ నన్ను గుర్తుపట్టి, "మళ్ళీ వచ్చారా, చుట్టాలు బాగున్నారా?" అంది. బాగున్నారన్నాను.

విందు రోజు నా గదిలో ఒక చిన్న గుమ్మడికాయ చేసుకుంటాను. ఒక మనిషికి ఎంత చిన్నది తెచ్చినా మిగిలిపోతుంది.

అన్నయ్య ఆ రోజు "ఏడాదికోసారి చుట్టంలా వచ్చి మొదటి గరిటె మింగి పోయేదానివి, అమ్మ వంట సంగతి నీకేం తెలుసు" అన్నాడు. అది నువ్వూ విన్నావు. దానికి నేను బల్ల దగ్గర నుంచి లేచానుగానీ, ఊరు వదిలి వెళ్ళింది దానికి కాదు వదినా. వాకిట్లోకి నా వెనకే వచ్చి ఇంకో మాట అన్నాడు. "అమ్మ పోయిన రోజు కూడా ఆలస్యంగానే వచ్చావు కదా" అన్నాడు. ఆ రోజు రైలు నాలుగు గంటలు ఆలస్యం. అది వాడికీ తెలుసు. తెలిసీ అన్నాడు. జంక్షన్లో నన్ను బెంచీకి కట్టిపడేసేది ఆ మాటే.

నువ్వు రాసింది చదివాక కోపం పోయింది. భయం పోలేదు. వస్తే వాడి మొహం చూడాలి, నాకేమీ తెలియనట్టు ఉండాలి. బాగుందా అని అడిగితే ఏం చెప్పాలి? నాకు రావాలని ఉంది వదినా. ఎంత ఉందో రాయడం నాకు చేతకాదు. ఆ బల్ల, ఆ వేడి, నువ్వు అందరి మీదా అరవడం, అన్నీ కావాలి. వస్తానో రానో మాత్రం చెప్పలేను.

పిట్ట


బేకరీ మేడ మీద నుంచి,
విందుకి పది రోజులు

పిట్టా,

రమ్మని ఇక అడగను. అడిగి అడిగి నాకే సిగ్గేస్తోంది. ఆ రెండో మాట నాకు తెలియదు. ఇప్పుడు తెలిసి, నిన్నటి నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. ఎందుకో తెలియక బిక్కమొహం వేసుకుని తిరుగుతున్నాడు. తిరగనీ.

ఒక్కటి మాత్రం చెప్పి ఊరుకుంటాను. రోజూ పదకొండు గంటలకి పోస్టు వచ్చే వేళకి మీ అన్నయ్య చీపురు పట్టుకుని దుకాణం ముందు ఊడుస్తాడు. అక్కడ ఊడవడానికి ఏమీ ఉండదు, పొద్దున నేనే ఊడ్చి ఉంటాను. పోస్టు మనిషి ఏమీ లేదని చెయ్యి ఊపి వెళ్ళిపోయాక చీపురు గోడకి ఆనించి లోపలికొస్తాడు. మూడేళ్ళుగా ఇదే వరస. ఈ రెండు నెలలూ నీ ఉత్తరాలు నా అల్మారాలో పెట్టుకుని, కిటికీలో నుంచి అది చూస్తూ నిలబడ్డాను. నా అంత కఠినురాలు ఉండదు.

ఈ రోజు గుమ్మడికాయలు తెచ్చాడు. మూడూ పెద్దవే.

వదిన


ఓడరేవు వీధి, మూడో అంతస్తు నుంచి,
విందు అయిన నాలుగో రోజు

వదినా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టి ఇచ్చిన రొట్టెలు షెడ్డులో అందరూ పంచుకు తిన్నారు. మేస్త్రీ రెండు తిని, "మీ అన్నయ్య చెయ్యి మంచిది" అన్నాడు. జామ్ సీసా మాత్రం ఎవరికీ చూపించలేదు.

విందుకి ముందు రోజు పొద్దున్నే నేను గుమ్మంలో నిలబడితే నువ్వు అరిచిన అరుపుకి వీధి చివరి దాకా తలుపులు తెరుచుకున్నాయి. ఆ తరువాత తెలివిగా నన్నూ అన్నయ్యనీ వంటింట్లో వదిలేసి, కుర్చీలు తెస్తానని పెద్దదాన్ని తీసుకుని వెళ్ళిపోయావు. తిరిగి వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. ఎందుకని అడిగావు. ఉల్లిపాయలని చెప్పాను. ఉల్లిపాయలు తరిగి అప్పటికి గంటైందని నీకూ తెలుసు, అయినా ఊరుకున్నావు. విందంతా అడగలేదు. రైలెక్కించేటప్పుడు కూడా అడగలేదు. అడగనందుకు చెప్తున్నాను.

నువ్వు వెళ్ళాక వాడు గింజలు తీశాడు, నేను ఉల్లిపాయలు వేయించాను. అన్నం కలిపాక, ఉప్పు డబ్బా నా ముందుకి జరిపి, "నువ్వే వెయ్యి" అన్నాడు. వేశాను. గిన్నె కలిపి, గరిటెతో కొంచెం తీసి, ఊదుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలి తల ఊపాడు. ఎంత బాగా నటిస్తాడో వదినా, నాకు తెలియకపోయి ఉంటే నమ్మేసేదాన్ని. తరువాత గరిటె నాకిచ్చి, "చూసి చెప్పు. అమ్మ చేసినట్టు ఉందా?" అన్నాడు.

రైల్లో అంతసేపూ ఈ ప్రశ్నకే భయపడ్డాను. ఉందనడానికి సిద్ధపడే వచ్చాను. ఎవరికైనా అబద్ధం చెప్తే దొరికిపోతామేమోనని భయం ఉంటుంది, వాడికి చెప్తే అది కూడా లేదు. ఏం చెప్తే అదే నమ్మాలి పాపం. ఆ మొహం చూశాక అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదు. ఉప్పు సరిపోయింది, బాగానే ఉంది. అమ్మ చేసినట్టు మాత్రం లేదు" అన్నాను.

అన్నయ్య అటు తిరిగి బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. అయిపోయింది, మళ్ళీ అదే తప్పు చేశాను అనుకున్నాను. సంచీ ఎక్కడ పెట్టానా అని కూడా చూసుకున్నాను.

"మూడేళ్ళుగా అందరూ అచ్చం అమ్మ చేసినట్టే ఉందంటున్నారే" అన్నాడు, అటే తిరిగి. "మామయ్య అంటాడు. పిల్లలంటారు. మీ వదిన అందరికంటే ముందంటుంది. అమ్మంత బాగా నాకు రాదని నాకు తెలీదా? జాలిపడి అంటున్నారు. ఎంత జాలిపడుతున్నారో, నేను వండేది అసలు తినేలా ఉందో లేదో తెలుసుకునే దారి లేక చచ్చిపోతున్నాను. నాకు రుచి తెలీదు పిట్టా. జ్వరం వచ్చినప్పటి నుంచీ ఏమీ తెలీదు. ఆ రోజు బల్ల దగ్గర ఉన్న పద్నాలుగు మందిలో నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే. నిన్నే తరిమేశాను. రైలు ఆలస్యమైందని తెలిసి కూడా ఆ మాట అన్నాను."

నాకు ముందే తెలుసని చెప్పలేదు వదినా. తనంతట తను చెప్పాడు కదా, అది వాడికే ఉండనీ అనుకున్నాను.

మొహం తుడుచుకోబోయి పిండి అంతా పూసుకున్నాడు. ఏం తక్కువైందో చెప్పమన్నాడు. తెలీదన్నాను. నా గదిలో రెండేళ్ళు చేశాను, నాకూ రాలేదని చెప్పాను. "అయితే మనిద్దరికీ రాదన్నమాట" అన్నాడు. "రాదు" అన్నాను. అది ఒప్పుకున్నాక ఇద్దరికీ ఏదో బరువు దిగినట్టైంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం.

కోప్పడకు గానీ, ఇక నుంచి వాడు బాగుందా అని అడిగితే ఉన్నమాట చెప్పు. వేళ్ళతో కాదు, నోటితో. వాడికి కావలసింది అదే.

తరువాత, "ఇది ఎలా ఉందో చెప్పు, తొందర లేదు" అన్నాడు. చెప్పాను. ముందు ఉల్లిపాయ తీపి తగులుతుంది, తరువాత మిరియం, అక్రోట్లు కాస్త మెత్తబడ్డాయి, ఆఖర్న నారింజ తొక్క చేదు నాలుక చివర నిలుస్తుంది అన్నాను. మళ్ళీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి అమ్మది ఎలా ఉండేదో చెప్పబోయి నేను తడబడ్డాను, సగంలో ఆగిపోయాను. మిగతాది వాడు చెప్పాడు. నాలుక మీద ఇప్పుడే పెట్టుకున్నట్టు, ఒక్కటీ వదలకుండా.

అన్నయ్యకి నాకంటే బాగా గుర్తుంది వదినా.

పిట్ట